లైట్‌హౌస్ బోర్డు మీద ‘లైట్‌షిప్స్’ అని ఎందుకుంది? మన తీరంలో ఎప్పుడైనా ఉండేవా?

సింగరాయకొండ_సీత
పోయిన ఆదివారం మా పిల్లోణ్ణి రామాయపట్నం సముద్రానికి తీసుకెళ్లాను. ఏడో తరగతి వాడు, ప్రతి బోర్డూ ఆగి చదువుతాడు. లైట్‌హౌస్ గేటు దగ్గర ‘లైట్‌హౌసెస్ అండ్ లైట్‌షిప్స్’ అన్న శాఖ పేరు చూసి, ‘అమ్మా, లైట్‌హౌస్ అంటే ఇది. మరి లైట్‌షిప్ ఏది?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అక్కడున్న పెద్దాయన్ని అడిగితే ‘పాత పేరమ్మా, అట్లా వస్తా ఉంది’ అన్నాడు. ముప్పై ఎనిమిదేళ్లుగా సముద్రానికి పది కిలోమీటర్ల లోపే బతుకుతున్నాను, నాకు ఇంత కూడా తెలియదా అని చాలా బాధేసింది. మన బడి పుస్తకాల్లో రాజులున్నారు, ఓడలు లేవు.

అడగడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా అత్తగారి ఊరు ఒడ్డుకు దగ్గర. పాత ఇల్లు పడగొట్టి స్లాబ్ వేస్తున్నారు. వీధి తలుపు ద్వారబంధం ‘ఓడ కర్ర’ అని ముందు నుంచీ చెప్పుకుంటారు, ఎప్పుడో ఒడ్డుకు కొట్టుకొచ్చిన దుంగట. ఇప్పుడు మా బావగారు ‘మునిగిన ఓడ కర్ర కొత్తింటికి వద్దు, అరిష్టం’ అంటున్నారు. మా ఆయనకు ఇవ్వబుద్ధి కావడం లేదు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్.

లైట్‌షిప్ అంటే ఏంటి, మన వైపు ఉండేవా, మన తీరంలో ఓడలు మునిగిన చరిత్ర ఎవరికైనా తెలుసా? తెలిసినవాళ్లు చెప్పండి.

ట్రంకురోడ్డు
పేరు సంగతి నేను చెప్తాను. 1927లో లైట్‌హౌస్ చట్టం వచ్చింది, దాంతో పాటే ఆ శాఖ. దీపస్తంభాలు (లైట్‌హౌస్‌లు), దీపనౌకలు (లైట్‌షిప్‌లు) రెండూ దాని కిందే, అందుకే పేరులో రెండూ ఉన్నాయి. 2021లో పాత చట్టం పోయి కొత్తది వచ్చింది గానీ జనం నోట్లో, బోర్డుల మీద పాత పేరే ఉంది.

చరిత్ర_మాస్టారు
సీతమ్మా, మీ వాడిది మంచి ప్రశ్న. దీపనౌక అంటే పేరులో ఉన్నదే: లైట్‌హౌస్ పని చేసే ఓడ. అది ఎక్కడికీ పోదు. ఒకచోట లంగరేసి ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. స్తంభం కట్టడానికి నేల లేని చోట, ఒడ్డు మీద దీపం పెడితే కనపడనంత దూరంలో ప్రమాదం ఉన్నచోట దాన్ని పెట్టేవాళ్లు.

మొదటిది 1732లో ఇంగ్లండులో, థేమ్స్ నది సముద్రంలో కలిసే దగ్గర, నోర్ అనే ఇసుక మేట పక్కన పెట్టారు. రాబర్ట్ హాంబ్లిన్, డేవిడ్ ఏవరీ అని ఇద్దరు మనుషులు సొంతంగా మొదలుపెట్టారు. చిన్న ఓడ, తెరచాప కొయ్యకు అడ్డంగా కట్టిన కర్రకు రెండు లాంతర్లు. అంతే. దీపం చూసుకుని దారి తెలుసుకున్న ఓడల దగ్గర రుసుం వసూలు చేసేవాళ్లు. అక్కడి దీపస్తంభాల పెద్దసంస్థ ట్రినిటీ హౌస్ ముందు ససేమిరా అంది, తరవాత తనే దాన్ని తీసుకుంది. అక్కడి నుంచి రెండు వందల ఏళ్లకు పైగా లోకమంతా దీపనౌకలు ఉన్నాయి.

పెన్నాగట్టు
ఒక సందేహం మాస్టారూ. మా మైపాడు దగ్గర చిన్న బోటే లంగరేస్తే గాలి దుమారానికి జారిపోతుంది. అంత పెద్ద ఓడ ఏళ్ల తరబడి ఒకేచోట ఎట్లా నిలబడుతుంది? జారితే దీపం తప్పుచోట ఉంటుంది కదా, లేనిదానికంటే ప్రమాదం!

ఇంజన్‌రూమ్
22 ఏళ్లు సరుకు ఓడల్లో చేశాను, ఇప్పుడు కావలిలో ఉంటున్నా. పెన్నాగట్టు గారూ, మీరు సరిగ్గా అసలు చోట పట్టుకున్నారు. మామూలు లంగరుకు రెండు కొమ్ములుంటాయి, ఇసుకలో ఒక పక్క లాగితే గుచ్చుకుంటుంది, గాలి దిశ మారి ఇంకో పక్క లాగితే ఊడొచ్చేస్తుంది. దీపనౌకకు పుట్టగొడుగు లంగరు వాడతారు. బోర్లించిన పుట్టగొడుగు లాగే ఉంటుంది, పెద్ద ఇనప గిన్నె, మధ్యలో కాడ. బరువుకు ఇసుకలో కూరుకుపోతుంది, ఏ వైపు లాగినా అదే పట్టు. స్కాట్లండ్ ఇంజనీర్ రాబర్ట్ స్టీవెన్సన్ దీన్ని దీపనౌక కోసమే రూపొందించాడు. బెల్ రాక్ అనే మునిగే బండ మీద లైట్‌హౌస్ కడుతున్నప్పుడు 1807లో పక్కన ఒక దీపనౌక నిలబెట్టాల్సి వచ్చింది. లైట్‌హౌస్ 1811లో వెలిగింది.

ఓడకు ఎర్ర రంగు, పక్కల మీద ఆ చోటు పేరు మనిషి ఎత్తు తెల్ల అక్షరాల్లో. పగలు కూడా చదివి ‘మనం ఫలానా చోట ఉన్నాం’ అనుకోవాలి. మంచు పడితే గంట, గాంగ్, తరవాత్తరవాత హారన్. ఇంజను లేని దీపనౌకలు చాలా ఉండేవి, టగ్గు లాక్కొచ్చి వదిలేసి పోతుంది. లోపలున్న మనుషులు నెలకో, రెండు నెలలకో మారేవాళ్లు. తుఫాను వస్తే మిగతా ఓడలన్నీ దూరం పోవచ్చు. దీపనౌక మాత్రం అక్కడే ఉండాలి. మిగతావాళ్లు రాకుండా ఉండాల్సిన చోటులోనే దాని కాపురం.

మైపాడు_అల
‘మిగతావాళ్లు రాకుండా ఉండాల్సిన చోటులోనే దాని కాపురం’. చదివి కాసేపు ఊరికే కూర్చున్నా అన్నా.

ఇంజన్‌రూమ్
మైపాడు_అల, అయితే ఇది కూడా విను. ఇంగ్లండు, ఫ్రాన్స్ మధ్య గుడ్‌విన్ శాండ్స్ అని ఇసుక మేట ఉంది. 16 కిలోమీటర్ల పొడవు. పాటుకు బయటపడుతుంది, పోటుకు మునుగుతుంది. దాని మీద రెండు వేలకు పైగా ఓడలు పోయాయంటారు. 1703 నవంబర్ తుఫానులో ఒక్క రాత్రిలో నాలుగు యుద్ధనౌకలు, వెయ్యికి పైగా నావికులు. అక్కడ 1795 నుంచి దీపనౌకలు పెట్టారు.

1898 చివర్లో ఆ దీపనౌకల్లో ఒకదాంట్లో మార్కోని వైర్‌లెస్ పెట్టాడు. 1899 మార్చి 17న ఎల్బ్ అనే ఓడ మేట మీద ఎక్కితే, ఆ దీపనౌక నుంచే ఒడ్డుకు వైర్‌లెస్‌లో కబురు వెళ్లింది. సముద్రంలో ఆపదకు వైర్‌లెస్ వాడటం అదే మొదలు. ఏప్రిల్ చివర్లో ఇంకో ఓడ వచ్చి నేరుగా ఆ దీపనౌకనే గుద్దింది. అప్పుడు తమ కోసం తామే సహాయం అడిగారు.

ఇంకొకటి. 1954 నవంబర్ 26 రాత్రి అదే చోట సౌత్ గుడ్‌విన్ దీపనౌక గొలుసులు తెగాయి. ఏ మేట గురించి అందరినీ హెచ్చరిస్తూ వచ్చిందో దాని మీదికే కొట్టుకుపోయి పక్కకు ఒరిగింది. ఏడుగురు సిబ్బందీ పోయారు. బతికింది ఒక్కడే. అతను సిబ్బంది కూడా కాదు, వలస పక్షుల్ని లెక్కపెట్టడానికి వచ్చిన మనిషి. మర్నాడు హెలికాప్టర్ తెచ్చింది.

అమెరికా వైపు నాన్‌టకెట్ దీపనౌక ఉంది. 1934 మే 15న మంచులో, ఆ దీపనౌక పంపే రేడియో సంకేతాన్నే పట్టుకుని వస్తూ ఒలింపిక్ అనే పెద్ద ప్రయాణికుల ఓడ దాన్ని రెండు ముక్కలు చేసింది. టైటానిక్ తోబుట్టువు అది. 11 మందిలో ఏడుగురు పోయారు. దారి చూపినవాళ్ల మీదికే వచ్చేశారు.

కావలి_స్టేషన్
టైటానిక్ సంగతి అందరికీ తెలుసు. ఈ ఏడుగురి సంగతి ఇప్పుడే వింటున్నా.

సింగరాయకొండ_సీత
మావాడికి చదివి వినిపించాను. ‘మరి ఆ అంకుళ్లకు భయం వెయ్యదా’ అని మూడుసార్లు అడిగాడు. మాస్టారూ, ఇంజన్‌రూమ్ గారూ, చాలా థాంక్స్. మరి మన వైపు?

ట్రంకురోడ్డు
మన వైపు లేవు. మనది సాఫీ ఇసుక తీరం, బండలు లేవు, అందుకని అవసరం పడలేదు. ప్రమాదమైన తీరం కాదు మనది.

వాకాడు_అబ్బాయి
ట్రంకురోడ్డు అన్నా, ఈ ఒక్క మాట మాత్రం ఒప్పుకోను. మా దుగరాజపట్నం ఎదురుగా సముద్రంలో మేట ఉంది. పాత పటాల్లో ఆర్మగాన్ షోల్ అంటారు. ఒడ్డు నుంచి చూస్తే ఏమీ కనపడదు, అంతా నీళ్లే. అల తిరిగే తీరు బట్టి తెలిసినవాళ్లకే తెలుస్తుంది: చుట్టూ నీలం, అక్కడ మట్టిరంగు, మధ్యలో తెల్లటి గీత. ఆ మేటకు, ఒడ్డుకు మధ్య నీళ్లు కొంచెం నెమ్మదిగా ఉంటాయని బ్లాక్‌వుడ్ హార్బర్ అని పేరు పెట్టారు. అంటే లోపలికి రాగలిగితే రక్షణ, రావడం తెలియకపోతే చావు. అక్కడి లైట్‌హౌస్ ఉన్నదే ఆ మేట కోసం. ఇసుక కాబట్టి ప్రమాదం లేదంటే ఎట్లా? పైన చెప్పిన గుడ్‌విన్ కూడా ఇసుకే.

చరిత్ర_మాస్టారు
అబ్బాయి చెప్పింది నిజం. ఇంకొకటి కలుపుతాను. ఇంగ్లీషువాళ్లు చెన్నపట్నం రాకముందు ఆ దుగరాజపట్నంలోనే ఉన్నారు. 1626 ప్రాంతంలో అక్కడ వ్యాపార కోఠీ కట్టుకుని ఫిరంగులు పెట్టుకున్నారు. కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే అక్కడే ఉండేవాడు. వ్యాపారం సరిగ్గా సాగక, మంచి చోటు వెతుక్కుంటూ 1639లో చెన్నపట్నం నేల సంపాదించి, 1640లో సామాను సర్దుకుని వెళ్లాడు. మద్రాసు చరిత్ర మొదటి పేజీ మన వాకాడు మండలంలో ఉంది.

పెన్నాగట్టు
ఆర్మగాన్ అంటే ఆర్ముగం మొదలియార్ అనే ఆయన పేరు మీద వచ్చిందంటారు, నిజమేనా?

చరిత్ర_మాస్టారు
అట్లాగే చెప్తారు. ఇంగ్లీషువాళ్లకు అక్కడ చోటు ఇప్పించి సాయం చేసిన స్థానికుడట. మనూరి పేరు వాళ్ల నోట్లో ఎట్లా నలిగినా, ఆయన పేరు మాత్రం పటాల్లో మిగిలింది.

ట్రంకురోడ్డు
వాకాడు_అబ్బాయీ, సరే, నాది తప్పు. ఆ మేట సంగతి నాకు తెలియదు. అయినా వాకాడు ఇప్పుడు తిరుపతి జిల్లా కదా 😀

వాకాడు_అబ్బాయి
2022లో జిల్లా మారింది, మేట మారలేదు అన్నా. మాకు ఇప్పటికీ పెద్దాసుపత్రి అన్నా, పెళ్లి బట్టలన్నా నెల్లూరే.

ఇంజన్‌రూమ్
మరి అంత మేట ఉండి దీపనౌక ఎందుకు పెట్టలేదంటే, నేను ఓడవాడిగా నా లెక్క చెప్తాను. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి ఎత్తును బట్టి ఎంత దూరం కనపడేదీ తేలుతుంది. మీటర్లలో ఎత్తుకు వర్గమూలం తీసి మూడున్నరతో గుణిస్తే సుమారుగా కిలోమీటర్లు వస్తాయి. 30 మీటర్ల స్తంభం మీద దీపం 20 కిలోమీటర్ల దాకా నీటి మట్టానికి కనపడుతుంది. చూసేవాడు ఓడ మీద 9 మీటర్ల ఎత్తున ఉంటే ఇంకో పది కలుస్తాయి. మన మేటలు ఒడ్డుకు దగ్గర. ఒడ్డున స్తంభం కడితే చాలు, ఓడ మేటకు చాలా ముందే దీపం చూస్తుంది.

కలకత్తా సంగతి వేరు. హుగ్లీ ముఖద్వారంలో ఇసుక మేటలు సముద్రంలోకి చాలా దూరం పోతాయి, రోజుకో తీరుగా మారతాయి. ఒడ్డు దీపం అక్కడికి అందదు. అందుకే శాండ్‌హెడ్స్ వైపు దీపనౌకలు పెట్టారు, ఓడకు దారి చూపే పైలట్లు అక్కడే ఓడ ఎక్కేవాళ్లు. మీ వాడికి ఇది చెప్పండి సీత గారూ: ఆ బోర్డులో ఉన్న రెండో మాట మన దేశంలో ఊరికే పెట్టింది కాదు.

సీత_తమ్ముడు_ఒంగోలు
వర్గమూలం లెక్క భలే ఉంది. కొత్తపట్నం బీచ్‌లో నిలబడితే నా కన్ను ఎత్తు 1.6 మీటర్లు. అంటే నాకు కనపడే సముద్రం నాలుగున్నర కిలోమీటర్లేనా?! ఇన్నాళ్లూ వంద కిలోమీటర్లు చూస్తున్నా అనుకున్నా.

ఇంజన్‌రూమ్
అంతే తమ్ముడూ. అందుకే బోటు కళ్ల ముందే ‘మునిగిపోయినట్టు’ మాయమవుతుంది.

ఉప్పుగాలి
ఈ చర్చ నిన్నటి నుంచి చదువుతున్నా, రాయాలా వద్దా అనుకుని రాస్తున్నా. మాది ఇసకపల్లి వైపు పల్లెపాళెం. మా నాయన 40 ఏళ్లు వేటకు పోయినాడు. చదువు రాదు. కానీ మా తీరంలో ప్రతి లైట్‌హౌస్ దీపాన్నీ లెక్కతో గుర్తుపట్టేవాడు. ఒక్కో దీపం ఒక్కో తీరుగా వెలిగి ఆరుతుంది కదా. ఆయన తెడ్డు కర్ర మీద వేలితో కొడతా లెక్కపెట్టేవాడు: వెలుగు, ఒకటి, రెండు, మూడు... మళ్లీ వెలుగు. ‘ఇది మనది కాదు రా, ఉత్తరానిది, నీళ్లు మనల్ని పైకి లాగేసినాయి’ అని తెరచాప తిప్పేవాడు. ఆయనకు అది ఊరి గుడి గంట లాంటిది.

లైట్‌హౌస్ దీపం ఊరు చెప్తుంది, ఊళ్లో ఏ రేవులో దిగాలో చెప్పదు. దానికి మా అవ్వ ఉండేది. పడవలు రాత్రి రావాల్సి ఉంటే, ఆడవాళ్లు ఒడ్డున తాటిచెట్టుకు అరికెన్ లాంతరు కట్టేవాళ్లు. గాలికి ఆరకుండా మూడు వైపులా గోనెపట్టా, సముద్రం వైపు మాత్రం తెరిచి. మా అవ్వ వంతు రోజు చిమ్నీని బూడిదతో తోమి, పైట చెంగుతో తుడిచి, వెలుగుకు ఎత్తి చూసుకుని గానీ కట్టేది కాదు. చిమ్నీ మీద మసి వేలెడంత ఉన్నా ఒప్పుకునేది కాదు. ‘ఆ మసిలో ఒక మనిషి ఉంటాడు’ అనేది.

1989 నవంబర్ తుఫాను కావలి దగ్గర తీరం దాటింది కదా, నాకు అప్పుడు తొమ్మిదేళ్లు. తుఫానుకు రెండు రోజుల ముందే మా వాళ్లు వచ్చేసినారు. పక్క పాళెం పడవ ఒకటి రాలేదు. అవ్వ ఆ గాలిలో కూడా లాంతరు కట్టబోతే మా నాయన బలవంతంగా లోపలికి లాక్కొచ్చినాడు. ఆ రాత్రంతా వెలిగించిన లాంతరు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ పడవ రాలేదు.

మైపాడు_అల
ఉప్పుగాలి అన్నా 🙏

కావలి_స్టేషన్
1989 తుఫాను మా ఇంట్లో కూడా చెప్తారు. మా ఇంటి పెంకులు ఒక్కటి మిగల్లేదు. నీళ్ల మీదున్నవాళ్ల సంగతి మాత్రం మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

టెక్కీ_కందుకూరు
అందరి బాధా అర్థమైంది, కానీ ఒక మాట. ఇప్పుడు ప్రతి బోటులో జీపీఎస్ ఉంది. హైదరాబాద్ ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వాళ్లు చేపలు ఎక్కడున్నాయో, అలలు ఎంత ఎత్తో ఫోన్‌కే పంపుతున్నారు. దీపనౌకల స్థానంలో మనిషి లేకుండా నీళ్ల మీద తేలే దీపం బోయాలు వచ్చాయి. లైట్‌హౌస్‌లు ఇక టూరిజానికే. ఖర్చు పెట్టి నడపడం దేనికి?

ఉప్పుగాలి
తమ్ముడూ, మా అన్న బోటులో జీపీఎస్ ఉంది. రెండేళ్ల కింద నడి సముద్రంలో బ్యాటరీలోకి ఉప్పు నీళ్లు పోయి చచ్చిపోయింది. ఫోన్లో చార్జి అయిపోయింది. ఏ దీపం చూసి వచ్చినాడో చెప్పనా?

ఇంజన్‌రూమ్
ఇద్దరి మాటా నిజమే, అయినా నేను ఉప్పుగాలి పక్షం. పెద్ద ఓడల్లో కూడా జీపీఎస్ ఒక్కదాన్నే నమ్మవద్దని నేర్పుతారు. తెర మీద చూపించిన చోటును కంటితో చూసిన దీపంతో సరిపోల్చుకోవాలి. రెండూ కలవకపోతే తెరను కాదు, నీ తెలివిని నమ్ముకుని వేగం తగ్గించు అనేవాడు మా కెప్టెన్. నాన్‌టకెట్‌ను ముక్కలు చేసిన ఓడలో కూడా ఆ రోజుకు మంచి యంత్రమే ఉంది.

టెక్కీ_కందుకూరు
ఒప్పుకుంటున్నా అన్నా. బ్యాటరీ సంగతి ఆలోచించలేదు.

పెన్నాగట్టు
సీత గారి ద్వారబంధం సంగతి అందరూ మర్చిపోయారు. మా నాయనమ్మ కూడా అనేది, పాతకాలంలో ఒడ్డున ఓడ పగిలితే ఊళ్లకు ఊళ్లే ఎగబడి దోచుకునేవని. ఆ కర్ర కూడా అట్లా దోచిందే అయ్యుంటుంది. బావగారు భయపడటంలో తప్పు లేదు.

ఉప్పుగాలి
దోపిడీ అన్న మాట జాగ్రత్తగా వాడండి అన్నా. ఒడ్డున ఏది దొరికినా మా మీదే పడుతుంది ఆ పేరు. నా కళ్లతో చూసింది చెప్తా. నాకు పన్నెండేళ్లప్పుడు తమిళనాడు బోటు ఒకటి మా ఎదురుగా అలల్లో తిరగబడింది. మా నాయన, ఇంకో నలుగురు తెప్ప వేసుకుని పోయి ఐదుగురిని తెచ్చినారు. ఒకాయన చెయ్యి విరిగింది. మా అమ్మ గంజి కాచింది, వాళ్ల భాష సగం మాకు వచ్చు కాబట్టి రాత్రంతా మాట్లాడుకున్నారు. వాళ్ల వల తడిసి బరువెక్కి ఒడ్డుకు కొట్టుకొస్తే, మూడు రోజులు ఎండబెట్టి, చినిగినచోట కుట్టి ఇచ్చి పంపినారు. వల ఉంచుకుని ఉంటే అడిగేవాడు లేడు.

పెన్నాగట్టు
క్షమించు తమ్ముడూ. విన్నమాట ఆలోచించకుండా రాసేశాను.

చరిత్ర_మాస్టారు
ఇక్కడే నేను ఎదురుచూస్తున్న సంగతి వచ్చింది. దోచుకునేవాళ్లు ఉండేవాళ్లు. కానీ ఎవరో తెలుసా? మన దగ్గర దానికి రాతి సాక్ష్యం ఉంది.

మోటుపల్లి. చీరాల దాటి, చినగంజాం మండలం. కాకతీయుల కాలంలో ఇది పెద్ద రేవు. మార్కో పోలో ముత్ఫిలి అని రాసింది ఈ రేవునే. అక్కడి వీరభద్రస్వామి గుడి దగ్గర స్తంభం మీద గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయ శాసనం ఉంది. దానిలో విషయం నా మాటల్లో చెప్తాను. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోతూ తుఫానులో చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారు. మేము అట్లా చెయ్యం. ప్రాణం కంటే ధనం ముఖ్యమనుకుని సముద్రం మీదికి వచ్చినవాళ్ల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వాళ్లకే వదిలేస్తున్నాం. సుంకం ఎంతంటే ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పైకి ఒకటి. ఏ సరుకుకు ఎంతో కూడా రాయించాడు: గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, పట్టు, మిరియాలు.

పిల్లలకు పాఠం చెప్పిన ముప్పై ఏళ్లలో నేను ప్రతి ఏడాదీ చెప్పింది ఇదే. ‘పూర్వపు రాజులు లాక్కునేవారు’ అని ఒక రాజే రాయి మీద చెక్కించాడు. పల్లెవాళ్లు అన్న మాట అందులో లేదు. తరవాత 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి కూడా అదే మోటుపల్లిలో వర్తకులకు అభయం ఇస్తూ శాసనం వేయించాడు. నూరేళ్ల తరవాత కూడా ఆ మాట మళ్లీ చెప్పాల్సి వచ్చింది. మాట ఇవ్వడం వేరు, నిలబడటం వేరు కదా.

ఉప్పుగాలి
మాస్టారూ, ఈ శాసనం సంగతి మా పాళెంలో ఒక్కడికీ తెలియదు. మా నాయన ఉండి ఉంటే నేనే చదివి వినిపించేవాణ్ణి.

చీరాల_చేనేత
మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లా అని ఎవరో ఒకరు అనబోతున్నారు, నేనే అనేస్తున్నా. అయినా గుడికి ఎవరైనా రావచ్చు, భోజనం మా ఇంట్లో.

చరిత్ర_మాస్టారు
చీరాల వారి మాటకు కట్టుబడి వస్తాను. ఇంకొక్క ముక్క. మన తీరంలో ఓడలు ఎందుకు పోయేవంటే, లోపలికి వచ్చి దాక్కునే రేవులు దాదాపు లేవు. మచిలీపట్నం నుంచి పులికాట్ దాకా తెరచాప ఓడలు బయట లోతు నీళ్లలో లంగరేసేవి. సరుకు, మనుషులు మసూలా పడవల్లో అలలు దాటి ఒడ్డుకు వచ్చేవాళ్లు. ఆ పడవ పలకలకు మేకులుండవు, కొబ్బరిపీచు తాడుతో కుట్టేవాళ్లు. అల కొట్టినప్పుడు విరగకుండా వంగేది. తుఫాను వస్తోందని తెలియగానే ఓడ లంగరు తాడు కోసేసి సముద్రంలోకి పారిపోవాలి. ఆలస్యమైతే లంగరు జారి ఒడ్డు మీదికి వచ్చి పగిలేది. 1746 అక్టోబర్‌లో ఫ్రెంచి నౌకాదళపతి లాబూర్దొనే మద్రాసును పట్టుకున్న నెల రోజుల్లోనే తుఫాను వచ్చి అతని ఓడల్లో కొన్ని పోయాయి. అందుకే కంపెనీ కాలంలో అక్టోబర్ మధ్య నుంచి డిసెంబర్ మధ్య దాకా పెద్ద ఓడల్ని ఈ తీరంలో ఉంచడానికి ఇష్టపడేవాళ్లు కాదు. మనకు ఈశాన్య రుతుపవనం అంటే నాట్లు. వాళ్లకు అది చావు గాలి.

ట్రంకురోడ్డు
ఇప్పుడు చట్టం కూడా చెప్తా. కొట్టుకొచ్చిన ఓడ భాగం, సరుకు ఏదైనా దొరికినవాడిది కాదు. ప్రభుత్వం పెట్టిన అధికారికి చెప్పాలి. 1958 నౌకా చట్టంలో, అధికారి చేతికి వచ్చాక ఏడాది లోపు అసలు యజమాని రుజువు చూపి తీసుకోవచ్చని ఉండేది; 2025లో దాని స్థానంలో కొత్త చట్టం చేశారు. 2022 మేలో అసని తుఫానుకు శ్రీకాకుళం జిల్లా సున్నాపల్లి రేవుకు బంగారు రంగు రథం కొట్టుకొచ్చింది గుర్తుందా? మత్స్యకారులే తాళ్లతో లాగి ఒడ్డుకు చేర్చి పోలీసులకు చెప్పారు. ఉప్పుగాలి మాటకు ఇది కూడా సాక్ష్యమే.

మైపాడు_అల
ఆ రథం వీడియో నేను ఇరవైసార్లు చూసుంటా! చుట్టూ పిల్లలు, నీళ్లలో రథం.

ఇంజన్‌రూమ్
సీత గారూ, ఆ ద్వారబంధం దగ్గర నుంచి ఫోటో తీయగలరా? అంచుల్లో రంధ్రాలున్నాయేమో చూడండి. ఓడ పలక అయితే మేకు చోట్లు వరుసగా, ఒకే ఎడంలో ఉంటాయి. ఇనప మేకైతే చుట్టూ నల్లగా ఉంటుంది. రాగి మేకైతే పచ్చగా. పాత మంచి ఓడలకు రాగి వాడేవాళ్లు, ఉప్పు నీరు ఇనుమును తిన్నంత త్వరగా రాగిని తినదు.

సింగరాయకొండ_సీత
ఇవాళ మధ్యాహ్నం అత్తగారి ఊరు వెళ్లొచ్చాము. ముందు ఫోటోలో ఏమీ తెలియలేదు, మీద నాలుగైదు పొరల రంగు ఉంది. పసుపు, దాని కింద నీలం, దాని కింద సున్నం. మావాడు ఒక మూల చెంచాతో గీకాడు. కర్ర చిక్కటి గోధుమ రంగు, టేకే అన్నాడు వడ్రంగి. లోపలి అంచున మైనంతో పూడ్చిన చుక్కలు కనపడ్డాయి. గీకుతూ పోతే మొత్తం తొమ్మిది, జానెడు జానెడుకు ఒకటి. మావాడు ఒకదాంట్లో అగ్గిపుల్ల తిప్పితే పచ్చటి పొడి రాలింది. పిల్లోడి వేలి చివర పచ్చగా అయింది, చెయ్యి కడుక్కోనంటాడు.

బావగారికి ఇక్కడిదంతా చదివి వినిపించాను. ఉప్పుగాలి గారు రాసిన వాళ్ల అవ్వ లాంతరు దగ్గర ఆయన లేచి బయటికి వెళ్లిపోయారు. కాసేపటికి వచ్చి మాస్టారు చెప్పిన శాసనం మళ్లీ చదవమన్నారు. తరవాత ఆయనే వడ్రంగితో మాట్లాడారు. కొత్తింటి వీధి తలుపుకు అదే ద్వారబంధం. రంగు అంతా గీకి నూనె పట్టించమన్నారు. వడ్రంగి ‘ఆ బొక్కలు లప్పం పెట్టి మూసేస్తా సార్’ అంటే, వద్దు అలాగే ఉంచు అన్నారు.

వచ్చే ఆదివారం మోటుపల్లి వెళ్తున్నాం. చీరాల వారూ, మేము ఐదుగురం. మాస్టారు వస్తే ఆరుగురు. ఉప్పుగాలి గారూ, మీరు తప్పకుండా రావాలి, ఆ శాసనం ముందు మీరు నిలబడి ఉండగా మాస్టారు చదవాలి.

చీరాల_చేనేత
పన్నెండు మందికి వండుతా. రండి.

ఉప్పుగాలి
వస్తానక్కా. శనివారం రాత్రి వేట నుంచి మా అన్న రావాలి, వచ్చాక బయలుదేరతాం. చేపలు నేను తెస్తా.